సాహా గారు పార్లమెంటుకు ఎందుకు వెళ్లారు?

బెంగళూరులో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకునే తెలుగు పిల్లలకు నిన్న మేఘనాద్ సాహా సమీకరణం చెప్పాను. నక్షత్రంలో ఏ వేడికి ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లు కోల్పోతాయో లెక్కగట్టే సూత్రం, 1920 నాటిది. ఆయనే 1952లో కలకత్తా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారన్నాను. "అంత పేరు వచ్చాక రాజకీయాలెందుకు సర్?" అంది ఒక అమ్మాయి.

ఆ ప్రశ్న నన్నింకా వదలలేదు. ఢాకా దగ్గరి పల్లెలో, చిన్న దుకాణం నడుపుకునే పేదింట్లో పుట్టిన మనిషి ఆయన. చదువు ఎవరికి అందుతుందో, వరద ఎవరి ఇల్లు ముంచుతుందో ఆయనకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. దామోదర్ నది వరదలపై వేసిన విచారణ సంఘంలో పనిచేశారు. సభలో అణుశక్తి విధానంపై ప్రభుత్వాన్ని నిలదీశారు. పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షత వహించారు. గెజెట్ మీద మనం చూసే శక సంవత్సరపు తేదీ ఆ సంఘం సిఫారసే.

1956 ఫిబ్రవరిలో, ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలోనే కూలిపోయి కన్నుమూశారు. పదవీకాలం కూడా పూర్తికాలేదు. నాకు అది చాలా బాధగా ఉంది. వచ్చే తరగతిలో సమీకరణం పక్కన పెట్టి, అణుశక్తిపై 1954లో జరిగిన ఆ చర్చనే పిల్లలతో చదివిస్తాను.