గాలి సరే, నీళ్ల సంగతేమిటి?

గ్రహాంతర జీవుల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు "అక్కడ గాలే లేదు కదండీ, ప్రాణం ఎలా ఉంటుంది?" అనేస్తారు. అంతటితో చర్చ ముగిసినట్టే. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసే నాకు అక్కడే మాట్లాడాలనిపిస్తుంది.

క్లోస్ట్రిడియం జాతి బాక్టీరియాని పెంచాలంటే గాలి అస్సలు తగలనివ్వకూడదు. ప్లేట్లని అనీరోబిక్ జార్‌లో పేర్చి, ఆక్సిజన్‌ని లాగేసే సాచెట్ ఒకటి వేసి మూత బిగిస్తాం. పక్కనే మిథిలీన్ బ్లూ పట్టీ ఒకటి పెడతాం. లోపల ఆక్సిజన్ ఉన్నంతసేపూ అది నీలంగా ఉంటుంది, పోయాక రంగు విరిగి తెల్లబడుతుంది. మర్నాడు వచ్చేసరికి ఇంకా నీలంగానే ఉందంటే ఆ ప్లేట్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. మనం పీల్చే ఆక్సిజనే వాటికి విషం మరి.

అసలు భూమి మీద కూడా మొదట్లో గాలిలో ఆక్సిజన్ లేదు. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట ఎండతో ఆహారం చేసుకుని ఆక్సిజన్ వదిలే సయనోబాక్టీరియా పుణ్యమా అని అది పోగవడం మొదలైంది. అప్పటికే జీవం 100 కోట్ల ఏళ్లకు పైగా అది లేకుండానే కాలక్షేపం చేసింది. బాక్టీరియా సంగతి వేరు, జంతువులకి కుదరదు అంటారా? సాల్మన్ చేప కండలో ఉండే హెన్నెగుయా సాల్మినికోలా అనే పరాన్నజీవి జంతువే. దానికి మైటోకాండ్రియా జన్యువులు అసలు లేవని 2020లో తేల్చారు. అంటే ఆక్సిజన్‌తో శ్వాసించే ఏర్పాటే అది వదిలేసింది.

కాబట్టి ఆక్సిజన్ లేదన్న అభ్యంతరం నా దృష్టిలో చెల్లదు. గాలితో పాటు పోయే రెండోది ఉంది, ఒత్తిడి. తంటా అంతా దానితోనే.

1966లో హ్యూస్టన్‌లో నాసా వాళ్ల వాక్యూమ్ (గాలి తోడేసిన) ఛాంబర్‌లో స్పేస్‌సూట్‌ని పరీక్షిస్తుంటే, జిమ్ లబ్లాంక్ అనే ఆయన సూట్‌కి గాలి అందించే గొట్టం ఊడిపోయింది. పధ్నాలుగు సెకన్లలో స్పృహ తప్పింది. వెంటనే గాలి నింపారు కాబట్టి బతికాడు. తనకు చివరగా గుర్తున్నది నాలుక మీద ఉమ్మి బుడగలు కక్కడమేనని తర్వాత చెప్పాడు. పైన నొక్కిపెట్టే ఒత్తిడి లేకపోతే నీళ్లు మరగడానికి ఒంటి వేడి చాలు. ఇంకా తగ్గించి 6 మిల్లీబార్ల కిందకి (సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి సుమారు 1000) తీసుకెళ్తే అసలు నీరుగా ఉండటమే కుదరదు. ఉంటే మంచు, లేదంటే ఆవిరి. అంగారకుడి నేల సరిగ్గా ఆ అంచున ఉంది. చంద్రుడి సంగతి చెప్పక్కర్లేదు. కణం లోపల ఏ పని జరగాలన్నా నీళ్లు కావాలి. అందుకే ఎవరైనా గాలి గురించి అడిగితే నేను నీళ్ల గురించి జవాబు చెప్తాను.

మరి వాక్యూమ్‌లో పెడితే బాక్టీరియా చచ్చిపోతుందా? చిత్రమేమిటంటే, ఏళ్ల తరబడి దాచాల్సిన స్ట్రెయిన్లని (బాక్టీరియా రకాలని) మేం దాచేదే వాక్యూమ్‌లో. కల్చర్‌ని స్కిమ్ మిల్క్‌లో కలిపి, సన్నటి గాజు ఆంప్యూల్స్‌లో పోసి, గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రయ్యర్‌కి తగిలిస్తాం. గేజ్ 0.1 మిల్లీబార్ దగ్గర ఆడుతుంటుంది. అంగారకుడి మీద ఇంతకన్నా ఎక్కువ గాలే ఉంది! మంచు కరగకుండానే ఆవిరై పోతుంది, అడుగున తెల్లటి గుల్ల పదార్థం మిగులుతుంది. పంపు నడుస్తుండగానే గాజు మెడని మంటతో కరిగించి మూసేస్తాం. కొన్ని దశాబ్దాల తర్వాత పగలగొట్టి బ్రాత్ (పోషక ద్రవం) వేసినా, రెండ్రోజుల్లో గొట్టం మసకబారి కనిపించవచ్చు. ఆ మసక అంతా కొత్తగా పుట్టిన బాక్టీరియానే.

అయితే ఆ దశాబ్దాల పాటు అది ఏం చేసింది? ఏమీ చేయలేదు. తినలేదు, పెరగలేదు, దెబ్బతిన్న డీఎన్‌ఏని బాగుచేసుకోనూ లేదు. టార్డిగ్రేడ్‌లనే ఎనిమిది కాళ్ల అతిసూక్ష్మ జంతువులది కూడా ఇదే కథ. 2007లో ఫోటాన్-ఎం3 వ్యోమనౌక మీద వాటిని 10 రోజులు అంతరిక్షానికి తెరిచి ఉంచారు. వాక్యూమ్‌ని చాలావరకు తట్టుకున్నాయి. అదే సూర్యుడి అతినీలలోహిత కిరణాలు కూడా తోడైతే మిగిలినవి బహు కొద్ది. జపాన్ వాళ్లు తన్‌పొపో ప్రయోగంలో, రేడియేషన్‌కి ఓ పట్టాన చావని డైనోకాకస్ బాక్టీరియాని ఎండబెట్టి ముద్దలుగా చేసి, 2015 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట మూడేళ్లు ఉంచారు. అర మిల్లీమీటరు, అంతకు పైన మందం ఉన్న ముద్దల్లో కొన్ని బతికాయి. పైవరస చచ్చి లోపలి వాటికి నీడ పట్టింది. ఈ వార్తలకి "అంతరిక్షంలో జీవించే జీవి" అని హెడ్డింగ్ పెడతారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. అవి అక్కడ జీవించలేదు, నీళ్ల కోసం కాచుకుని కూర్చున్నాయి.

పైగా ఆ ఓర్పు వాటికి వాక్యూమ్ నేర్పింది కాదు. టార్డిగ్రేడ్‌లు నాచులో ఉంటాయి, ఆ నాచు తడుస్తూ ఎండుతూ ఉంటుంది. డైనోకాకస్ రేడియేషన్‌ని తట్టుకోవడం కూడా, ఎండిపోయినప్పుడు తునకలయ్యే డీఎన్‌ఏని అతుక్కోవడానికి అలవడిన నేర్పేనని 1990ల నుంచి శాస్త్రవేత్తలు చెప్తున్నారు. తడి అన్నదే ఎరగని చోట ఈ విద్య పుట్టే దారి నాకు కనిపించదు. చంద్రుడి లాంటి నేల మీద జీవం తనంతట తానే మొదలవుతుందంటే నేను నమ్మను.

వేడి గురించి రెండు ముక్కలు. ఒత్తిడిలో ఉంచిన ఆవిరితో క్రిముల్ని చంపే మా ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర పావుగంట నడిస్తే అన్నీ చచ్చినట్టే లెక్క. సముద్రగర్భపు వేడినీటి బిలాల దగ్గర దొరికిన ఒక సూక్ష్మజీవి అదే 121 డిగ్రీల్లో పిల్లల్ని పెట్టిందని 2003లో ప్రకటించారు. నీటిని నీటిగా నిలిపే ఒత్తిడి ఉంటే చాలు, వేడితో సర్దుకుపోయేవాళ్లున్నారు.

అందుకే నేను నేల పైన కాకుండా, ఆ ఒత్తిడినిచ్చే రాతి మూతో మంచు మూతో ఉన్న చోట దాని కింద వెతకమంటాను. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున డీసల్ఫోరుడిస్ అనే బాక్టీరియా ఉంది. ఎండ లేదు, గాలి లేదు. రాతిలోని యురేనియం రేడియేషన్ నీటిని విడగొడితే వచ్చే హైడ్రోజనే దాని బువ్వ. గురుగ్రహపు యూరోపా, శనిగ్రహపు ఎన్సెలడస్ చందమామల మీద ఆ మూత మంచుది. పైన శూన్యం, కింద సముద్రం. యూరోపా ఉపరితలం మీద మనిషి నిలబడితే ఒక్కరోజు రేడియేషనే ప్రాణం మీదకి తెస్తుంది, మంచు కింద ఆ బెడద ఉండదు. 2024 అక్టోబరులో బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో అక్కడికి చేరుతుంది.

నన్నడిగితే ఎన్సెలడస్‌కే ఓటు. మంచు పగుళ్లలోంచి దాని సముద్రం తనంతట తానే పైకి చిమ్ముతోంది, తవ్వే పని లేదు. ఆ తుంపరల్లో హైడ్రోజన్ ఉందని 2017లో, ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో శని చుట్టూ తిరిగిన కాసీనీ నౌక డేటా నుంచి తేలింది. హైడ్రోజన్ తిని మీథేన్ వదిలే సూక్ష్మజీవులు మన దగ్గరా ఉన్నాయి. ఒకవేళ అక్కడి నీళ్లలో ఏదైనా ఉండి పైకి చిమ్మితే, క్షణాల్లో గడ్డకట్టి శూన్యంలో ఎండిపోతుంది. మేం చేసే పనే, కాకపోతే స్కిమ్ మిల్క్ లేకుండా. ఆ రక్షణ లేకపోతే మా బాక్టీరియాలోనే చాలా స్ట్రెయిన్లు తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి దొరికినా చచ్చిన కణమో, పొర ముక్కో దొరికే అవకాశమే ఎక్కువ. బతికున్నది దొరుకుతుందేమో చూద్దాం అనుకునేవాళ్లు మాత్రం ఉత్త నీళ్లు ఒక్కసారిగా పోయకూడదు. ఎండిన కణం గబుక్కున నీరు పీల్చుకుని పగిలిపోతుంది. దాని సముద్రంలో ఎంత ఉప్పుందో అంత ఉప్పు కలిపి, చుక్క చుక్కగా వేయాలి.