మా అమ్మ ఆంధ్రా సర్టిఫికెట్, నా లా సీటు

మా అమ్మ పదేళ్ళకు పైగా ఆంధ్రాలో బతికిందని రుజువు చేయడానికి 2022లో నేను నలభై రోజులు తిరిగాను. అమ్మ పుట్టింది, పెరిగింది, పదో తరగతి లెక్కల్లో తప్పింది, అంతా శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలోనే. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అక్కడి నుంచి అమ్మ పుట్టిల్లు బండి మీద పావుగంట. పండక్కి వెళ్ళినప్పుడు రాష్ట్రం మారుతున్నామని ఏనాడూ అనిపించలేదు. లా సీటు దగ్గరికి వచ్చేసరికి ఆ చిన్న ఏరే పెద్ద గండమైంది.

ఆ సంగతి చెప్పాలంటే 2019 నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు నేను ప్లస్ టూలో ఉన్నాను. నాన్న మేనత్తకు ఒక పొలం కేసు ఉండేది. ప్రతి వాయిదాకీ ముందు రోజు సాయంత్రం మా ఇంట్లో దిగేది. పొద్దున్నే ఆవిడను కోర్టుకు తీసుకెళ్ళడం నా డ్యూటీ. అక్కడ అందరూ ఒడియాలో మాట్లాడతారు, ఆవిడకు సగమే తెలుస్తుంది, మిగతా సగం నేను తెలుగులో చెప్పేదాన్ని. చెట్టు కింద కూర్చున్న గుమస్తా ఒకాయన నవ్వి, "ఈ గుంటకి కోటు కుట్టించేయండి" అన్నాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అదే బుర్రలో ఉండిపోయింది.

లా అంటే క్లాట్, అంటే నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలని నెట్‌లో చూసి రాసేశాను. ఆ ఏడాది మే 26న, విశాఖలో సెంటర్. అప్పట్లో 200 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. నాలుగు వేల ఫీజు కట్టడానికి నాన్న మిల్లులో అడ్వాన్స్ తీసుకున్నారు. చదువంతా ఇంగ్లిష్ మీడియంలోనే అయినా, ఆ వేగంతో ఇంగ్లిష్ చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. గంటన్నర అయ్యేసరికి సగం దగ్గరే ఉన్నాను. చివర్లో గుడ్డిగా గుండ్రాలు దిద్దితే వచ్చిన మార్కులు కూడా కోతకు పోయాయి. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య, కటక్ నేషనల్ లా యూనివర్సిటీ, మూడింటికీ ఒకేసారి దణ్ణం పెట్టేశాను. ఇప్పుడు రాసేవాళ్ళకు 120 ప్రశ్నలే, పరీక్ష కూడా డిసెంబరులోనే పెడుతున్నారు. పేరాలు పేరాలు చదివించే పరీక్ష అది. పేపరు ఎడిటోరియల్ గడియారం పెట్టుకుని చదవడం ఇంటర్ మొదటి ఏడాది నుంచే అలవాటు చేసుకోండి. నేను చేసుకోలేదు.

ర్యాంకు వచ్చిన వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. మా నంబరు ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు నాన్నతో రోజుకు రెండుసార్లు మాట్లాడి, ఐదేళ్ళకు హాస్టల్‌తో కలిపి పన్నెండు లక్షలని, "ఈ రోజే సీటు బ్లాక్ చేసుకోండి సార్" అని తొందరపెట్టారు. నాన్న పదివేలు పంపేశారు. ఆ తర్వాత నేను, మీ ఐదేళ్ళ కోర్సుకు ఈ ఏడాది వకీళ్ళ వృత్తిని చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి కాగితం ఉందా అని అడిగితే, "ప్రాసెస్‌లో ఉందమ్మా" అన్నారు. పదివేలు తిరిగి రాలేదు. యూనివర్సిటీ మంచిదైనంత మాత్రాన చాలదు, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. లేకపోతే పట్టా చేతికొచ్చినా కోటు ఒంటి మీదికి రాదు. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే నాన్న ఆ డబ్బుతో కొత్త టీవీ కొనేవారు.

అత్త కేసు చూసే పెద్ద వకీలుగారు తెలుగువారే, డెబ్భై దాటిన మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి ఏ కాలేజీ మంచిదండీ అని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "నువ్వు ఏ కోర్టులో నిలబడదామనుకుంటున్నావు?" అని ఎదురడిగారు. నాకు అర్థం కాలేదు. ఢిల్లీలో కంపెనీల కేసులు చూడాలంటే ఒక దారట, పర్లాకిమిడిలో మీ అత్తలాంటి వాళ్ళ కేసులు చూడాలంటే ఇంకో దారట. ఇక్కడే ఉండేదానివైతే డిగ్రీ ఊళ్ళోనే చదువుకో, ఆ తర్వాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చెయ్యి, ఈలోగా ఒడియా బాగా రాయడం నేర్చుకో, అన్నారు. "తెలుగు మరిచిపోకు" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు.

ఎస్‌కేసీజీ కాలేజీలో బీకాం చేశాను. మధ్యలో కోవిడ్ వచ్చింది, దాని గురించి చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు.

2022లో ఆంధ్రా లా కాలేజీల ప్రవేశ పరీక్ష, ఏపీ లాసెట్ రాశాను. నాకు విశాఖ అంటే మనసు, ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో చదవాలని కోరిక. లాసెట్ మర్యాదైన పరీక్ష. 120 ప్రశ్నలు, గంటన్నర, కోత లేదు, ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. 42 మార్కులొస్తే క్వాలిఫై. నాకు మంచి ర్యాంకే వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచాక కౌన్సెలింగ్ నిబంధనలు చదివాను.

85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. నేను ఒక్క క్లాసు కూడా ఆంధ్రాలో చదవలేదు కాబట్టి నాన్‌లోకల్. మిగతా 15 శాతానికైనా పోటీ పడాలంటే నేను గానీ, మా అమ్మానాన్నల్లో ఒకరు గానీ మొత్తం మీద పదేళ్ళు ఆ రాష్ట్రంలో నివసించినట్టు సర్టిఫికెట్ కావాలి. నాన్న పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మిగిలింది అమ్మ.

మావయ్య బండి వెనక కూర్చుని అమ్మ ఊరి మండలాఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమస్తా, "ఆవిడ ఆధార్‌లో ఒడిశా అడ్రస్ ఉంది కదమ్మా" అన్నాడు. పెళ్ళికి ముందు సంగతండీ అన్నాను. "అయితే అప్పటి కాగితం తెండి." అమ్మమ్మ ఇంట్లో అటక మీద ట్రంకుపెట్టె దించాం. అందులో తాతయ్య పేరు మీద పాత రేషన్ కార్డు దొరికింది, అమ్మ పేరు మాత్రం ముద్దుపేరుతో ఉంది. స్కూలు టీసీ కోసం వెళ్తే స్కూలు వేరే ఊరి స్కూల్లో కలిసిపోయింది, రిజిస్టర్లు అక్కడున్నాయి. హెడ్మాస్టారు ఎలక్షన్ ట్రైనింగ్‌లో ఉన్నారు. మావయ్య నాతో తిరిగి తిరిగి, "ఏటే, మీ అమ్మ ఇక్కడ బతకనేదా? ఊరంతా సాచ్చీకం చెబుతాది కదా" అని విసుక్కున్నాడు. ఊరు చెప్పే సాక్ష్యానికి, కాగితం చెప్పే సాక్ష్యానికి తేడా ఏమిటో లా కాలేజీలో చేరకముందే నాకు పాఠం అయిపోయింది.

సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజుకు, కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు ముగిసి నాలుగు రోజులైంది.

ఏడ్చాను, అబద్ధం చెప్పను. ఈలోగా ఒడిశాలోనే ఉన్న బరంపురం లింగరాజ్ లా కాలేజీకి కూడా దరఖాస్తు పెట్టి ఉంచడం నా అదృష్టం. చేరి పిన్ని ఇంట్లో దిగాను. బరంపురం తెలుగువాళ్ళకు వకీలు వృత్తి కొత్త కాదు. మన మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది అక్కడే, 1894లో. వాళ్ళ నాన్న జోగయ్య పంతులు అక్కడ పేరున్న లాయరు. గిరిగారు డబ్లిన్ వెళ్ళి లా చదివి, తిరిగొచ్చి వకీలయ్యారు. డబ్లిన్ దాకా వెళ్ళి బరంపురం వచ్చారు, నువ్వు విశాఖ పోలేదని ఏడుస్తున్నావా అని పిన్ని దెప్పేది.

ఇక్కడ చదవడం వల్ల కలిసొచ్చిందేమిటో మొదటి ఏడాదిలోనే తెలిసింది. భూమి చట్టాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. ఏటికి అవతల ఏజెన్సీ భూమి అంటే అందరి నోటా 1/70, గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా చూసే చట్టం. ఇవతల మా జిల్లాలో ఆర్.ఉదయగిరి వైపు అదే పని చేసేది 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్. దాంతో పాటు 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం. విశాఖలో చదివొచ్చి ఉంటే ఇవన్నీ మళ్ళీ అ ఆ ల నుంచి మొదలుపెట్టేదాన్ని.

రెండేళ్ళు ఇండియన్ పీనల్ కోడ్ బట్టీ పట్టాక 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్య 302 పోయి 103 అయింది, మోసం 420 పోయి 318 అయింది. పాత కేసులు పాత సెక్షన్లతోనే నడుస్తాయి కాబట్టి రెండూ గుర్తుండాలి. మా బ్యాచ్ గోడల మీద రెండు వరసల చార్టు అంటించుకుని చదివింది. తిట్లలో మాత్రం ఇప్పటికీ 420యే.

మూడేళ్ళ కోర్సుకు కనీసం పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి. అందులో ఎక్కువ భాగం పెద్ద వకీలుగారి దగ్గరే చేశాను. ఒకరోజు కాశీనగర్ వైపు నుంచి ఒక ముసలామె గుడ్డసంచిలో దస్తావేజు తెచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా, అప్పటి క్రయ దస్తావేజు అది, తెలుగులో. ఆఫీసులో ఉన్న ఇద్దరు కుర్ర లాయర్లకూ తెలుగు రాదు. ఇక నా వంతు అని ధీమాగా అందుకున్నాను. ఒక్క ముక్క చదవలేకపోయాను. గొలుసుకట్టు రాత. అక్షరం అక్షరంతో చేయి పట్టుకుని వరుస చివరిదాకా పోతుంది, కలం ఎత్తిన చోటే లేదు. పొలం కొలత దగ్గర "య" అని ఒక్క అక్షరం, పక్కన తెలుగు అంకెలు.

సీనియర్ గారి అనుమతితో జిరాక్స్ తీసి ఇంటికి పట్టుకెళ్ళాను. తాతయ్య భూతద్దం పెట్టుకుని పాడినట్టు చదివేశారు. "య అంటే యకరమే తల్లీ. ఇదిగో చెక్కుబందీ, తూర్పు ఫలానా వారి జిరాయితీ మెట్ట, పడమర గెడ్డ." చెక్కుబందీ అంటే నాలుగు వైపుల హద్దులు, గెడ్డ అంటే వాగు. ఆ కేసు మొత్తం పడమటి హద్దు మీదే ఆధారపడి ఉంది. ఎవరో గతంలో చేసిన అనువాదంలో గెడ్డను గట్టు అని రాసేశారు. వాక్యాలు మాత్రం ఇంతేసి పొడుగు, "వ్రాయించి యిచ్చిన"లు, "సదరు"లు. గిడుగు రామమూర్తిగారు ఈ పర్లాకిమిడిలోనే పంతులుగా ఉండి వాడుక భాష కోసం ఎందుకంత పట్టుబట్టారో ఆ రాత్రి నాకు తెలిసొచ్చింది. ఆ వేసవంతా తాతయ్య దగ్గర గొలుసుకట్టు నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు వచ్చే పనిలో సగం ఇదే.

నా అసలు ప్లాన్ వేరు. ఎల్‌ఎల్‌బీ అవగానే ఒడిశా జుడీషియల్ సర్వీస్ రాసి సివిల్ జడ్జి కావాలని. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలన్నది అక్కడ షరతు, అది నాకు ఇబ్బంది లేదు. సరిగ్గా ఆఖరి పరీక్షలకు చదువుతుంటే, 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీస్ ఉండాలని. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి శోకాలే శోకాలు. నాక్కూడా టెన్షన్ వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, గెడ్డకూ గట్టుకూ తేడా తెలియకుండా నేను ఆ కుర్చీలో కూర్చుంటే ఆ ముసలామె గతి ఏమయ్యేదో. ప్రాక్టీస్ లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే వకీలుగా తాత్కాలికంగా పేరు నమోదైన తేదీ నుంచి మొదలవుతుంది, అందుకే ఫలితాలు రాగానే ఒడిశా బార్ కౌన్సిల్ ఉన్న కటక్ పరిగెత్తాను.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు విషయంలో మాత్రం మా బ్యాచ్‌ది మంచి రాశి. అంతకుముందు ఒడిశాలో 42,100 రూపాయలు వసూలు చేస్తున్నారని సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌లోనే ఉంది. 2024 జూలై 30న కోర్టు చట్టంలో ఉన్నదే తీసుకోవాలంది, అంటే జనరల్‌కు 750, ఎస్సీ ఎస్టీలకు 125. నాన్న బ్యాంకులో లోన్ కోసం తయారు చేసుకున్న ఫైలు అలాగే ఉండిపోయింది. 2025 నవంబరు 30న, ప్రాక్టీస్‌కు అర్హత ఇచ్చే బార్ పరీక్ష రాశాను, వంద ప్రశ్నలు. చట్టం పుస్తకాలు దగ్గర పెట్టుకోవచ్చు, నోట్స్ ఉండకూడదు. జనరల్ వాళ్ళకు నలభై ఐదు శాతం వస్తే చాలు.

జూనియర్ లాయర్లకు పల్లె ప్రాంతాల్లో నెలకు కనీసం 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో సర్క్యులర్ ఇచ్చింది. సలహా మాత్రమే. నాకు నెలకు మూడు వేలు, మధ్యాహ్నం టిఫిను, అప్పుడప్పుడు ఒక తిట్టు. అందుకే సాయంత్రాలు దస్తావేజులు అనువాదం చేస్తాను.

మావయ్య కూతురు ఇప్పుడు అవతల ఇంటర్ చదువుతోంది, అదీ లా అంటోంది. అది లోకల్, దాని దారి సులువు. "వదినా, నీ పేపర్లేవైనా నాకు పనికొస్తాయా?" అని మొన్న వచ్చి పెట్టె వెతుకుతుంటే అమ్మ రెసిడెన్స్ సర్టిఫికెట్ బయటపడింది, ఎక్కడా వాడనిది, గుండ్రటి ముద్రతో సహా. పారేయబోతే అమ్మ లాక్కుంది. లామినేషన్ చేయించమంటోంది.