రెండు పుస్తకాలు, ఒకే తెలంగాణ

నిజాం మీదా దొరల మీదా రైతులు చేసిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన చరిత్రనూ, దాశరథి రంగాచార్య నవల 'చిల్లర దేవుళ్లు'నూ ఈ మధ్య పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. చరిత్రలో లెక్కలున్నాయి: పోరాటం నడిచిన 3000 గ్రామాలు, పంచిన 10 లక్షల ఎకరాలు, ప్రాణాలిచ్చిన 4000 మంది. కానీ గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, ఆడబాపగా (దాసిగా) బతకడమంటే ఏమిటో, ఆ భయం ఒంట్లో ఎట్లా గూడు కట్టుకుంటుందో నవలే చెప్పింది.

అట్లాగని నవలలో దొర అన్న మాటను సాక్ష్యంగా చూపిస్తే తప్పు. ఆ మాట రచయిత మలిచింది. చరిత్ర పుస్తకాన్నీ కళ్లు మూసుకుని నమ్మలేం. పోరాటం 1951లో ఆగింది, పుస్తకం 1972లో వచ్చింది, రాసింది పోరాటం నడిపిన నాయకుడు. అంకెలు కమ్యూనిస్టు పార్టీ లెక్కలు. అందుకే తేదీ, ఊరు, పేరు మూడూ కలిసి కనబడ్డ చోటల్లా (1946 జూలై 4, కడవెండి, దొర మనుషుల కాల్పుల్లో చనిపోయిన దొడ్డి కొమరయ్య) అంచున రాసుకుని, వేరేవాళ్ల కథనంతో సరిచూడాలి. సంఘటన జరిగిన ఏడు, రాసిన ఏడు కూడా పక్కపక్కన వేసుకోవాలి.

ఈ రెండింటి తర్వాత స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తప్పక చదవండి. పోరాటం ఆగాక ఇళ్లకు తిరిగి వెళ్లాల్సి వచ్చిన ఆడవాళ్లు అందులో తమ గొంతుతోనే మాట్లాడతారు.