కేలరీల లెక్క

"పేదవాళ్లకు తిండి మీద అవగాహన లేదు" అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. అవగాహన లేక కాదు, లెక్క తెలిసే అలా కొంటారు. 100 గ్రాముల నూనెలో దాదాపు 900 కిలోకేలరీలు, పంచదారలో 400 దాకా ఉంటాయి. అదే బరువు పాలకూర లాంటి ఆకుకూరలో 20–30 మాత్రమే. చేతిలో డబ్బు తక్కువై, పొద్దంతా ఒళ్లు వంచాల్సిన మనిషి ముందు కేలరీలే కొంటాడు. కడుపు నిండుతుంది గానీ ఇనుము, ప్రొటీన్ అందవు. అందుకే ఒకే ఇంట్లో ఊబకాయం, రక్తహీనత రెండూ కనిపిస్తాయి.

"శనగలు, రాజ్మా లాంటి ఎండు గింజలు చౌకే కదా" అంటారు. వాటిని రాత్రంతా నానబెట్టాలి, కుక్కర్ లేకపోతే గంటకు పైగా ఉడికించాలి. ఆ గ్యాస్ ఖర్చు ఎవరు లెక్కేస్తున్నారు? రెండు షిఫ్టులు చేసే మనిషికి ఆ గంట ఎక్కడిది? ఒకేసారి వండి దాచుకోవాలంటే ఫ్రిజ్ ఉండాలి, కరెంటు పోకూడదు. వండింది 2 గంటలకు మించి బయట ఉంటే సూక్ష్మక్రిములు పెరిగిపోతాయి.

పిల్లల సంగతి ఇంకా బాధాకరం. కొత్త కూరగాయ నోటికి అలవాటు కావాలంటే చాలామంది పిల్లలకు 8–10 సార్లైనా పెట్టి చూడాలి. పారేసినా పర్లేదనుకోగల ఇల్లే ఆ ప్రయత్నం చేయగలదు. మిగతావాళ్లు పిల్లాడు కచ్చితంగా తినేదే పెడతారు. ఇక తిండి చాలకపోతే ముందు తగ్గేది చాలా ఇళ్లలో తల్లి వాటానే.

పోషకాహార సలహా ఇచ్చేవాళ్లు ముందు అడగాల్సింది ఇది: పొయ్యి ఏది, ఫ్రిజ్ ఉందా, కూలి రోజుకా నెలకా?