ఎరుపుకి ఎరుపు, పసుపుకి పసుపు

కంప్యూటర్‌లో గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే గ్రాఫిక్స్ కార్డ్ 84 డిగ్రీలు చూపించేది. క్యాబినెట్ పక్క ప్యానెల్ ఊడదీస్తే ఏడెనిమిది డిగ్రీలు తగ్గేది. అంటే కార్డులో లోపం లేదు, లోపలి వేడిగాలికి బయటికి దారి లేదు. 120 ఎంఎం ఫ్యాన్లు మూడు తెచ్చాను. తీరా చూస్తే మదర్‌బోర్డ్ మీద ఖాళీగా ఉన్న ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నుల వరస) ఒక్కటే. ఒక్కదానికి మూడు తగిలిస్తే బోర్డు కాలిపోతుందేమోనని టెన్షన్. అందుకే నేరుగా పవర్ సప్లై నుంచే ఇద్దామనుకున్నాను.

నా పవర్ సప్లైలో వాడకుండా వదిలేసిన మోలెక్స్ వైరు ఒకటి ఉంది. పాత హార్డ్ డిస్కులకు పెట్టేవాళ్లే, ఆ నాలుగు పిన్నుల వెడల్పాటి కనెక్టర్. మోలెక్స్ నుంచి ఫ్యాన్‌కి మారే అడాప్టర్లు నా దగ్గర రెండే ఉన్నాయి. మూడో ఫ్యాన్‌కి ఒక మోలెక్స్ ఎక్స్‌టెన్షన్ వైరు కోసి నేనే కలిపాను. అటు పసుపు, నలుపు, నలుపు, ఎరుపు. ఇటు ఫ్యాన్‌కి నలుపు, ఎరుపు, పసుపు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఎరుపుకి ఎరుపు, పసుపుకి పసుపు, నలుపుకి నలుపు మెలిపెట్టి టేపు చుట్టేశాను.

ఆన్ చేస్తే రెండు ఫ్యాన్లు హోరున లేచాయి. నేను కలిపింది మాత్రం నిద్రలో నడుస్తున్నట్టు తిరిగింది. ఫ్యాన్‌దే లోపమని తిట్టుకుని, వెనక్కి పంపేద్దామని డబ్బా కూడా వెతికాను. డబ్బా దొరకలేదు కాబట్టి వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీశాను, అదే మంచిదైంది. నల్ల ప్రోబ్ నలుపు మీద, ఎర్ర ప్రోబ్ పసుపు మీద పెడితే 12.1 వోల్టులు. ఎరుపు మీద పెడితే 5.03. అప్పుడు గాని తెలియలేదు, పవర్ సప్లై వైపు 12 వోల్టులు వచ్చేది పసుపు వైరులో. ఎరుపుది 5 వోల్టులే. ఫ్యాన్ వైపు లెక్క వేరు. నా ఫ్యాన్లలో 12 వోల్టులు అడిగేది ఎరుపు, పసుపేమో వేగం చెప్పే వైరు. ఫ్యాన్ ఒక్కో చుట్టుకి రెండేసి పల్సుల చొప్పున ఆ వైరులో బోర్డుకి కబురు పంపుతుంది. కబురు వచ్చే దారిలోకి నేను 12 వోల్టులు తోశానన్నమాట. (అన్ని ఫ్యాన్లకీ ఇవే రంగులు ఉండవు. కొన్నిటికి పసుపే 12 వోల్టులు, ఆకుపచ్చ వేగానిది. కొన్నిటికి అన్ని వైర్లూ నలుపే. రంగును నమ్మకుండా పిన్ను వరస చూసుకోవాలి: మొదటిది గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి), రెండోది 12 వోల్టులు, మూడోది వేగం.)

పవర్ కేబుల్ పీకేసి, మిగిలిన కరెంటు కూడా పోయేలా పవర్ బటన్ ఒకసారి నొక్కి, మళ్లీ మొదటికొచ్చాను. ఫ్యాన్ ఎరుపుని మోలెక్స్ పసుపుకి, నలుపుని నలుపుకి కలిపి సోల్డర్ చేశాను. మిగిలిన కొసలకు విడివిడిగా హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది) తొడిగాను. ఈసారి అదీ హోరెత్తింది, కానీ ముందు బాగా తిరిగిన ఒక ఫ్యాన్ ఆగిపోయింది! అరగంట వెతికితే తేలింది, కనెక్టర్ గుచ్చేటప్పుడు మోలెక్స్ పిన్ను ఒకటి ప్లాస్టిక్‌లో వెనక్కి జారిపోయింది. వెనకనుంచి టిక్కుమనేదాకా తోస్తే సరిపోయింది. మోలెక్స్‌తో పని చేసినవాళ్లందరికీ ఈ జారుడు పరిచయమే.

వేడి 76కి దిగింది. కానీ ఆ మోత భరించలేకపోయాను. పవర్ సప్లైకి నేరుగా కలిపిన ఫ్యాన్‌కి నెమ్మదించడం తెలియదు. గేమ్ ఆడినా, ఊరికే ఒక పేజీ చదువుకుంటున్నా ఒకటే పూర్తి వేగం. పసుపు బదులు ఎరుపు నుంచి 5 వోల్టులిచ్చి చూశాను. రెండు చక్కగా తిరిగాయి, మూడోది వేలితో తోస్తే గాని కదల్లేదు. తిరుగుతూ ఉండటానికి సరిపోయే వోల్టేజీ తిరగడం మొదలుపెట్టడానికి సరిపోదు. పసుపుకీ ఎరుపుకీ మధ్య ఫ్యాన్ పెట్టి 7 వోల్టులు రాబట్టే చిట్కా కూడా ఉంది. నాకది నచ్చలేదు. ఫ్యాన్ లోపల షార్ట్ అయితే 12 వోల్టులు వెళ్లి 5 వోల్టుల లైన్‌లో పడతాయి, నా హార్డ్ డిస్క్ ఆ లైన్ మీదే ఉంది.

చివరికి, మొదటే చేయాల్సిన పని చేశాను, మాన్యువల్ తెరిచాను. ఆ హెడర్ 1 ఆంపియర్ ఇస్తుందట. నా ఫ్యాన్ స్టిక్కర్ మీద 0.2 అని ఉంది. మూడూ కలిపి 0.6. మొదలయ్యేటప్పుడు కాస్త ఎక్కువ లాగినా ఇబ్బంది లేదు. అదృష్టం కొద్దీ మూడో ఫ్యాన్ వైరుని నేను మధ్యలో కోయలేదు, కొసలోనే కోసి కనెక్టర్ దాచి ఉంచాను, దాన్ని తిరిగి అతికించాను. ఒక హెడర్‌ని మూడుగా చీల్చే మూడు పాయల స్ప్లిటర్ వైరు పెట్టి, మూడు పిన్నుల ఫ్యాన్లు కాబట్టి బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల స్క్రీన్‌లో) పీడబ్ల్యూఎం (నాలుగో పిన్ను ద్వారా వేగం మార్చే పద్ధతి) నుంచి డీసీకి (వోల్టేజీ మార్చే పద్ధతికి) మార్చాను. ఇప్పుడు వేడిని బట్టి అవే తగ్గుతాయి, పెరుగుతాయి.

బయాస్‌లో వేగం మాత్రం 0 ఆర్‌పీఎం అని చూపించింది. ఫ్యాన్లు కళ్లముందే తిరుగుతున్నాయి. స్ప్లిటర్‌లో వేగం పిన్ను ఒక్క పాయకే ఉంటుంది, ఆ పాయకి నేను పెట్టింది వేగం వైరులో ఆ 12 వోల్టులు తిన్న ఫ్యాన్‌నే. దాన్ని పక్క పాయకి మార్చి మంచిదాన్ని ఇక్కడ పెడితే 870 అని వచ్చింది. మూగబోయిన ఫ్యాన్ వెనక వైపు వేడిగాలి తోస్తూ ఇప్పటికీ బాగానే తిరుగుతోంది.