రిఫరెన్స్ బల్ల నుంచి పాఠాల రూపకల్పన దాకా

ఉస్మానియాలో గ్రంథాలయ శాస్త్రం చదివి, నగరంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో లైబ్రేరియన్‌గా చేరిన నేను ఇప్పుడు ఆన్‌లైన్ పాఠాలు రూపొందిస్తున్నానంటే, పాత సహోద్యోగులు వృత్తి మారాననే అనుకుంటారు. నిజానికి ఈ పనికి పనికొచ్చిన ముఖ్యమైన విద్యను, పాఠకులు వచ్చి సందేహాలు అడిగే రిఫరెన్స్ బల్ల దగ్గరే నేర్చుకున్నాను.

పాఠకుడు అడిగిన ప్రశ్న వేరు, అతని అవసరం వేరు. మనసులోని అవసరాన్ని పాఠకుడు లైబ్రరీలో దొరుకుతుందనుకున్న రూపంలోకి కుదించి అడుగుతాడని అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ టేలర్ 1968లోనే వివరించాడు. మెషిన్ లెర్నింగ్ పుస్తకం కావాలంటూ వచ్చిన విద్యార్థిని కాస్త కదిపితే, ప్రాజెక్టు నివేదికలో పూర్వ పరిశోధనల అధ్యాయం ఎలా రాయాలో తెలియక వచ్చాడని బయటపడుతుంది. అతనికి పుస్తకం ఇచ్చి పంపితే లాభం లేదు. భారతీయ విశ్వవిద్యాలయాల పరిశోధనలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో సిద్ధాంత వ్యాసాలు వెతకడం, వాటిని పోల్చి చదవడం, మూలాలు పేర్కొనడం నేర్పాలి. అలాంటి విద్యార్థులు ఎక్కువయ్యాక, టైంటేబుల్‌లో ఖాళీ పీరియడ్‌కు మర్యాదపేరుగా మిగిలిన ‘లైబ్రరీ పీరియడ్’లో ఈ పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లోనూ, అంటే పాఠాల రూపకల్పనలోనూ, మొదటి మెట్టు ఇలా అసలు అవసరాన్ని కనుక్కోవడమే. 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికా సైన్యం కోసం రూపొందించిన పద్ధతి నుంచి వచ్చిన ‘యాడీ’ (ADDIE: విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం) నమూనా కూడా అవసరాల విశ్లేషణతోనే మొదలవుతుంది. సిబ్బందికి రెండు గంటల శిక్షణ కావాలని ఒక మేనేజర్ అడిగినప్పుడు, వాళ్లు ఏ పని దగ్గర ఆగిపోతున్నారని నేను వేసే ఎదురు ప్రశ్న లైబ్రరీలో అలవడిందే.

మన హైదరాబాద్‌లోనే 1982లో మొదలైన, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయపు తెలుగు పాఠ్యపుస్తకాలను అంతకుముందు ఎన్నోసార్లు అల్మారాల్లో సర్దాను. యూనిట్ మొదట్లో లక్ష్యాలు, నడుమ స్వయంగా సరిచూసుకునే ప్రశ్నలు ఎందుకు ఉంటాయో ఈ రంగంలోకి వచ్చాకే పట్టించుకున్నాను. ఎదురుగా గురువు లేని పాఠకుణ్ణి అవే చేయిపట్టి నడిపిస్తాయి.

కష్టమైనది మాత్రం వదిలేయడం. దొరికిన ఆధారాలన్నీ ముందు పెట్టడం లైబ్రేరియన్ స్వభావం. పాఠంలో పదింటిలో తొమ్మిదిని పక్కన పెట్టాలి, అదీ నేర్చుకునేవాడు చివరికి ఏం చేయగలగాలన్నది ముందే తేల్చుకుని. పాఠకుని కాలాన్ని ఆదా చేయమన్న, గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ పంచసూత్రాల్లోని నాలుగో సూత్రం (1931) నాకు ఇక్కడే పూర్తిగా అర్థమైంది.

ఈ దారి పట్టదలచిన లైబ్రేరియన్లు కొత్త డిగ్రీ కంటే ముందు, తాము చెప్పిన ఒక్క ఓరియంటేషన్ తరగతినైనా లక్ష్యం, అభ్యాసం, మూల్యాంకనంతో సహా రాసి దాచుకోవడం మేలు. ఇంటర్వ్యూల్లో నన్ను ఎక్కువగా అడిగింది నా పట్టాల గురించి కాదు, ఆ లైబ్రరీ పీరియడ్ పాఠం గురించే.