పదిహేనేళ్లు ఉంచుకోవడానికి ఫోర్ బై ఫోర్ పికప్ కొంటున్నారా

పికప్ తీసుకుందామనుకుంటున్నా, ఏది మంచిది అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే, ఎన్నేళ్లు ఉంచుకుంటావ్ అని. నాలుగైదేళ్లకి అమ్మేసేవాళ్లు ఏది నచ్చితే అది కొనేయొచ్చు, ఇప్పుడొచ్చే వాటిల్లో చాలావరకు ఆ మాత్రం బానే నడుస్తాయి. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో, మూడు లక్షల కిలోమీటర్లు దాటేదాకా ఒకే బండి అనుకునేవాళ్ల లెక్క వేరు. షోరూంలో మెరుస్తున్న దాన్ని చూసి లాభం లేదు, అదే మోడల్ పాతబడ్డాక ఎలా ఉందో, మెకానిక్ దాన్ని విప్పేటప్పుడు ఏమని తిట్టుకుంటున్నాడో కనుక్కోవాలి.

స్పెక్ షీట్ నేను అన్నిటికన్నా చివర్లో చూస్తా. ఉదాహరణకి టయోటా హైలక్స్‌లో 2.8 లీటర్ల డీజిల్‌నే తీసుకోండి, 2020 అప్‌డేట్ తర్వాత ఆటోమేటిక్‌తో టార్క్ (తిప్పే బలం) 500 న్యూటన్ మీటర్లు, అదే ఇంజన్ మాన్యువల్‌తో 420. మాన్యువల్ కావాలనుకునేవాళ్లు ఆ 80 తక్కువైందని వెనకాడక్కర్లేదు, పదో ఏట ఆ నంబర్ ఎవరికీ గుర్తుండదు. ఆ వయసులో గుర్తొచ్చేవి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, టర్బో, టైమింగ్ చైన్ (వాల్వులు సరైన టైమ్‌కి తెరుచుకునేలా చూసేది), ఛాసిస్ తుప్పు, ఇవే.

ఇంజన్ విషయంలో నా పట్టుదల ఏంటంటే మార్కెట్లోకి వచ్చి కనీసం నాలుగైదేళ్లయి ఉండాలి, దాని జబ్బులన్నీ అప్పటికి బయటపడి ఉంటాయి, కంపెనీ సరిచేసిన పార్టులు కూడా వచ్చి ఉంటాయి. ఇసుజు డీ-మాక్స్‌లో చాలా ఏళ్లు వచ్చిన 3 లీటర్ల 4జేజే1 ఇంజన్ అంటే నాకు గౌరవం, ఎందుకంటే ఆ ఇంజన్ ఇసుజు చిన్న లారీల్లో కూడా వాడారు, అంటే రోజంతా లోడుతో తిరగడం దానికి కొత్త కాదు, పార్టులు దొరికే అవకాశమూ ఎక్కువే. ఇంకోటి, టైమింగ్‌కి బెల్ట్ ఉందో చైన్ ఉందో కొనేముందే తెలుసుకోండి. హైలక్స్ పాత 3 లీటర్ల డీజిల్‌లో బెల్ట్ ఉండేది, తర్వాతొచ్చిన టయోటా జీడీ సిరీస్ ఇంజన్లలో చైన్. బెల్ట్ ఉంటే కొనకూడదని కాదు, చెప్పిన కిలోమీటర్లకి మార్చేస్తే చాలు, కానీ సెకండ్ హ్యాండ్ బండికి అది మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

ఇక డీపీఎఫ్, అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్త డీజిల్ పికప్పుల్ని ముందు ముసలిచేసేది అదే. సైలెన్సర్ లైన్లో ఉండే ఈ ఫిల్టర్ మసిని పట్టి ఉంచుకుంటుంది, నిండాక బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకోవాలి, దానికి బండి ఓ ఇరవై నిమిషాలైనా ఆగకుండా మంచి స్పీడ్‌లో పోవాలి. రోజూ మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండికి ఆ వేడి ఎక్కడిది? కాల్చడం మొదలైన ప్రతిసారీ మీరు ఇంజన్ ఆపేస్తుంటే, చాలా ఇంజన్లలో దానికోసం అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది, డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతూ కనిపిస్తుంది, అది చూసి సంతోషించకండి, వెంటనే ఆయిల్ మార్పించండి. ఎంత పేరున్న కంపెనీ అయినా దీని నుంచి తప్పించుకోలేదు. 2015 నుంచి 2020 మధ్య ఆస్ట్రేలియాలో అమ్మిన డీజిల్ హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడోల డీపీఎఫ్‌లో లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టే 2022లో తేల్చింది. అందుకే మీ తిరుగుడంతా దగ్గర దగ్గరే అయితే, మీకు దొరికే చోట టర్బో లేని పెట్రోల్ ఇంజన్ తీసుకోండి అని గట్టిగా చెప్తా, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది నిజమే, కానీ పాడవ్వడానికి దాంట్లో ఉన్నవే తక్కువ.

ఛాసిస్ సంగతి. ఇంజన్ పోతే ఇంకోటి దించుకోవచ్చు, గేర్‌బాక్స్ కూడా అంతే, ఛాసిస్ కుళ్లిందంటే మాత్రం ఆ బండి కథ అయిపోయినట్టే. అమెరికాలో టకోమా, టండ్రా, సీక్వోయా ఛాసిస్‌ల తుప్పు మీద టయోటా 2016లో సెటిల్మెంట్‌కి ఒప్పుకుంది, దాదాపు 15 లక్షల బండ్లు. సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్తే పాత చొక్కా వేసుకుని, టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందకి దూరండి. వెనక చక్రాల దగ్గర కమాన్ పట్టీలు ఛాసిస్‌కి బిగించే బ్రాకెట్ల పైన బురద పేరుకుని తడి నిలిచిపోతుంది, వెల్డింగ్ అతుకుల్ని తుప్పు అక్కడే లోపల్నుంచి తింటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ రండి, గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్నచోట మొద్దుగా వస్తుంది శబ్దం. కొత్తగా నల్ల రంగు కొట్టి నిగనిగలాడుతున్న పాత ఛాసిస్ అంటే నాకు ఎర్ర తుప్పు కన్నా ఎక్కువ అనుమానం.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఏ రకమో కూడా చూసుకోవాలి. ఎక్కువ పికప్పుల్లో ఉండేది పార్ట్ టైమ్, అంటే ఫోర్ హైలో (మామూలు స్పీడ్‌కి వాడే ఫోర్ వీల్ గేరు) వేస్తే ముందు వెనక షాఫ్టులు రెండూ కలిసి లాక్ అవుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, మట్టిలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది, ఎండు తారు మీద జారదు కాబట్టి ఆ బిగుతంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచే పెట్టె) మీద పడుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలనేది కూడా ఇందుకే. వాన పడితే తారు మీద కూడా ఫోర్ వీల్ కావాలంటే మధ్యలో డిఫరెన్షియల్ (రెండు షాఫ్టుల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్నది చూడండి, మిత్సుబిషి ట్రైటన్‌లో సూపర్ సెలెక్ట్ అని వస్తుంది. నా మట్టుకు నాకు మామూలు పార్ట్ టైమ్, వెనక డిఫ్ లాక్ (వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా చేసే లాక్) ఉంటే చాలు, విప్పితే అర్థమయ్యే సామాను అది.

టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ మట్టినేల దొరికించుకుని ఫోర్ హై, ఫోర్ లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో పోయే గేరు) రెండూ వేయించండి. ఏళ్ల తరబడి ఎవరూ వాడకపోతే యాక్చువేటర్ (ఫోర్ వీల్‌ని తగిలించే భాగం) పట్టేసి ఉంటుంది, డాష్‌బోర్డులో లైట్ వెలిగి ఆరుతూనే ఉంటుంది గానీ లాక్ కాదు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఇరుసులోని డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ బయటికి వదిలే బిరడా) కూడా విప్పించండి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా వచ్చిందంటే ఎప్పుడో లోతు నీళ్లలో దింపారు, వేడిగా ఉన్న డిఫ్ చల్లబడి నీళ్లని లోపలికి లాక్కుంది, ఆ తర్వాత ఆయిల్ మార్చలేదు. ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్ట్ అంటుకుని ఉంటే మామూలే, వేలికి గుచ్చుకునే ముక్కలు తగిలితే ప్లగ్ బిగించేసి ఇంకో బండి చూసుకోండి.